పరోక్షానుకృతిలో ఉత్తమ పురుష: పాఠశాల వ్యాకరణ అభ్యాసంపై ఒక విమర్శ

ఉపోద్ఘాతం

ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంలోకి మార్చమనే ప్రశ్న ఇంగ్లీషు ప్రశ్నపత్రంలోనూ తెలుగు ప్రశ్నపత్రంలోనూ ఉంటుంది. రెండు చోట్లా ప్రశ్న రూపం ఒకటే కాబట్టి రెండు భాషల్లో జరిగే పని కూడా ఒకటేనన్న అభిప్రాయం విద్యార్థిలో బలపడుతుంది. ఇంగ్లీషులో సర్వనామం మారుతుంది, క్రియ కాలం మారుతుంది, కాలవాచక పదాలు మారతాయి. తెలుగులో ఉద్ధరణ చిహ్నాలు తొలగుతాయి, 'నేను' 'తాను' అవుతుంది, 'అని' చేరుతుంది. ఈ సూత్రంతో విద్యార్థి రాసే జవాబు దాదాపు ఎప్పుడూ సరిగానే ఉంటుంది. అయితే ఆ జవాబు ఎందుకు సరైనదో ఈ సూత్రం చెప్పదు. తెలుగు వాక్యంలో మారని భాగమేదో, అది ఎందుకు మారదో ప్రశ్నించే అవకాశమూ ఇవ్వదు.

తెలుగు పరోక్షానుకృతిలో సర్వనామం నివేదకుని పక్షానికి వెళ్తుంది, క్రియ మూలవక్త పక్షాననే ఉండిపోతుంది. ఇంగ్లీషు నమూనాలో కూర్చిన అభ్యాసం ఈ విశేషాన్ని మరుగుపరుస్తోందని, దాని ఫలితం తెలుగు బోధనకే పరిమితం కాక ఇంగ్లీషు బోధనను కూడా దెబ్బతీస్తోందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణ వాక్యాలను పూర్వపు కృష్ణా జిల్లాలోని మైలవరం, నూజివీడు మామిడి తోటల వ్యవహారానికి తగినట్లు కూర్చడం జరిగింది. తోటను గుత్తకిచ్చే రైతుకూ కొనే షావుకారుకూ మధ్య ఒప్పందం నోటిమాట మీద నడిచే చోట ఎవరు ఏమన్నారన్నది కేవలం వ్యాకరణ సమస్య కాదు. ఆ కారణంగానే ఈ క్షేత్రం అనుకృతి పరిశీలనకు అనువైనది.

సంప్రదాయ వ్యాకరణాల్లో అనుకృతి

చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలై ప్రకీర్ణక పరిచ్ఛేదంతో ముగుస్తుంది. పది పరిచ్ఛేదాల్లో వాక్యానికి ప్రత్యేకంగా కేటాయించినది లేదు. పదనిష్పత్తి ప్రధానమైన ఆ ప్రణాళికలో ఒకరి మాటను మరొకరు చెప్పే వాక్యాల నిర్మాణం చర్చకు రాకపోవడం సహజమే. తెలుగు వాక్యాన్నే వస్తువుగా తీసుకొని ఆధునిక భాషాశాస్త్ర పద్ధతిలో వివరించిన గ్రంథాల్లో చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' (1975) ముఖ్యమైనది. ప్రత్యక్షానుకృతి, పరోక్షానుకృతి అనే పరిభాష తెలుగు బోధనలో స్థిరపడడంలో ఆ గ్రంథానికి పాత్ర ఉంది.

పరిభాష తెలుగుదే అయినా పాఠశాలకు చేరేసరికి అభ్యాసం రూపం మాత్రం ఇంగ్లీషు వ్యాకరణానిదే అయింది. రెన్, మార్టిన్ల వ్యాకరణం వంటి పుస్తకాలు అనేక తరాలకు అలవాటు చేసిన 'మార్చండి' అన్న ఆదేశం, రెండు నిలువు వరుసల పట్టిక, మార్పుల జాబితా తెలుగు వ్యాకరణ పాఠంలోకి కూడా వచ్చాయి. సంప్రదాయ వ్యాకరణం ఖాళీగా వదిలిన చోటును మరో భాష పద్ధతి ఆక్రమించిందన్నమాట.

నకారమా, డకారమా?

ఈ వాక్యాలను పరిశీలించాలి.

(1) "నేను రేపు కాయ కోయిస్తాను" అన్నాడు రంగయ్య.
(2) రంగయ్య తాను రేపు కాయ కోయిస్తానన్నాడు.
(3) రంగయ్య అతడు రేపు కాయ కోయిస్తాడన్నాడు.

(1)కి పరోక్షానుకృతి (2). ఇందులో 'తాను' ప్రథమ పురుష సర్వనామం. దానికి ఆఖ్యాతంగా ఉన్న 'కోయిస్తాను' ఉత్తమ పురుష క్రియ. కర్తకూ క్రియకూ పురుషలో సామ్యం ఉండాలన్నది తెలుగు వాక్యంలో మొదటి నియమాల్లో ఒకటి. 'తాను కోయిస్తాను' అన్నది విడిగా వాక్యం కాలేదు. 'అని' చేరగానే అదే నిర్దుష్టమవుతుంది. దానికి బదులు సామ్యం పాటించి 'కోయిస్తాడు' అంటే (3)లో వలె కోత కోయించేది రంగయ్య కాక మరొకడన్న అర్థం వస్తుంది. సంధిలో ఉకారం లోపించగా మిగిలేది ఒక్క హల్లు. అది నకారమైతే మాట్లాడినవాడే పని చేసేవాడు, డకారమైతే పని చేసేది వేరొకడు. ఇద్దరు మనుషులను వేరుచేసే బాధ్యత ఆ ఒక్క హల్లు మీద ఉంది.

ఇది క్రియలకే పరిమితం కాదు. "నేను రైతును" అన్న నామ వాక్యం అనుకృతిలో "తాను రైతునని చెప్పాడు" అవుతుంది. "మైలవరం వాణ్ణి" అన్నవాడు "తాను మైలవరం వాణ్ణని" చెప్పినట్లు నివేదితమవుతాడు. నామానికి చేరిన ఉత్తమ పురుష ప్రత్యయం కూడా చెక్కుచెదరదు. బహువచనంలో "తాము వస్తామన్నారు" అన్నప్పుడు మకారం అదే పని చేస్తుంది. "తాను గెలుస్తాననుకున్నాడు" వంటి వాక్యాల్లో పైకి అనని ఆలోచన కూడా ఈ పద్ధతినే అనుసరిస్తుంది.

ఇది 'తాను' శబ్దానికున్న ప్రత్యేక స్వభావం కావచ్చునన్న సందేహం రావచ్చు. దాన్ని తీర్చేవి ఈ రెండు వాక్యాలు.

(4) తాను అప్పు తీర్చేశానని రంగయ్య చెప్పాడు.
(5) తాను అప్పు తీర్చేశాడని ఊరివాళ్ళు అనుకుంటున్నట్లు రంగయ్యకు తెలిసింది.

రెండింటిలోనూ 'తాను' రంగయ్యే. (4)లో ఆ మాట రంగయ్య నోటిది కాబట్టి నకారం, (5)లో ఊరివాళ్ళ నోటిది కాబట్టి డకారం వచ్చాయి. క్రియాప్రత్యయాన్ని నిర్ణయించేది సర్వనామం కాదని, ఆ మాట ఎవరి నోట పుట్టిందన్న సంగతి అని దీనివల్ల తేలుతుంది. ఎవరిని గురించిన మాటో 'తాను' చెబుతుంది, ఎవరి మాటో ప్రత్యయం చెబుతుంది. పాఠశాల సూత్రం వీటిలో మొదటిదాన్నే గుర్తించి, రెండవదాన్ని యాదృచ్ఛికంగా మిగిలిపోయిన అవశేషంగా వదిలేస్తోంది.

ఇతర భాషలతో పోలిక

ఈ లక్షణం విలువ తెలియాలంటే ఇతర భాషలతో పోల్చి చూడాలి. ఇంగ్లీషులో సర్వనామమూ క్రియా రెండూ నివేదకుని స్థానం నుంచే నిర్ణయమవుతాయి. 'ఐ విల్' అన్నది 'హీ వుడ్' అవుతుంది. యెస్పెర్సెన్ 'ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్' (1924)లో పరోక్ష కథనాన్ని చర్చిస్తూ ఈ కాలపు మార్పును వెనక్కి జరపడంగా వివరించాడు. హిందీలో 'కి' తర్వాత సర్వనామమూ క్రియా రెండూ మూలవక్తవిగానైనా ఉంటాయి, రెండూ కలిసి ప్రథమ పురుషలోకైనా మారతాయి. అవి విడిపోవు. తెలుగులో మాత్రం సర్వనామం ఒకరి పక్షాన, క్రియ మరొకరి పక్షాన నిలుస్తాయి. తమిళంలోనూ ఇటువంటి ప్రయోగం నమోదైంది కాబట్టి దీన్ని ఒక్క తెలుగు వింతగా కాక ద్రావిడ భాషల సందర్భంలో పరిశీలించవలసి ఉంది.

'నేను' వంటి పదాలు ఎప్పుడూ ప్రస్తుత వక్తనే సూచిస్తాయని, వాటి సూచనను మార్చగల పదం సహజ భాషల్లో ఉండదని తత్త్వవేత్త డేవిడ్ కాప్లన్ 'డిమాన్‌స్ట్రేటివ్స్' (1989)లో వాదించాడు. ఉంటే అది 'రాక్షసి' అన్నాడు. అమ్హారిక్ భాషలో 'అను' అర్థమున్న క్రియ కింద 'నేను' అన్నది మూలవక్తను సూచించగలదని చూపి ఫిలిప్ ష్లెంకర్ 2003లో ఆ వాదాన్ని ప్రశ్నించాడు. తెలుగు సాక్ష్యం ఈ చర్చను మరో మలుపు తిప్పుతుంది. ఇక్కడ సర్వనామం స్థానం మారిన తర్వాత కూడా ప్రత్యయం మూలవక్తను అంటిపెట్టుకొని ఉంటుంది. భాషాతత్త్వ చర్చలో ఇంత విలువైన సాక్ష్యాన్ని ప్రతి తెలుగు విద్యార్థీ పదో తరగతిలో తన చేత్తో రాసి, దాని విశేషమేమిటో తెలియకుండానే మార్కులు పొందుతున్నాడు.

ఈ చీలికకు 'అని' స్థానం ఒక కారణం కావచ్చు. ఇంగ్లీషు 'దట్' ఉపవాక్యానికి ముందు నిలుస్తుంది, ఆపై వచ్చేదంతా నివేదకుని అధీనమని ముందే ప్రకటిస్తుంది. తెలుగు 'అని' ఉపవాక్యం చివర వస్తుంది. అనుకృతి ఎక్కడ ముగిసిందో అది కచ్చితంగా చెబుతుంది గాని ఎక్కడ మొదలైందో చెప్పదు. 'అని'కి ఆనుకొని ఉన్నది క్రియ, దూరాన ఉన్నది సర్వనామం. మూలవక్త గొంతు 'అని' సమీపంలో గట్టిగా, దూరం పోయేకొద్దీ మెత్తగా వినిపించడం అసహజం కాదు. హిందీ 'కి' కూడా ముందు వచ్చేదే అయినా అక్కడ ఉత్తమ పురుష నిలవగలుగుతోంది కాబట్టి స్థానమొక్కటే పూర్తి వివరణ కాదు. కాని సర్వనామమూ క్రియా విడిపోవడానికి ఇది అనుకూలించిందని భావించవచ్చు. 'అని' ప్రాబల్యం ఎంతటిదో దక్కనీ ఉర్దూ చూపుతుంది. "మై కల్ ఆతూఁ బోల్కె బోలా" అన్నప్పుడు 'బోల్కె' తెలుగు 'అని'కి అచ్చమైన అనువాదం, దాని స్థానమూ వాక్యం చివరే.

సందిగ్ధత, దాని పర్యవసానం

అనుకృతి ప్రారంభం గుర్తు లేకపోవడం వల్ల కలిగే చిక్కు తోట దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. పెద్దమనుషుల ముందు రైతు పలికిన వాక్యంగా దీన్ని ఊహించాలి.

(6) షావుకారు నేను బయానా తీసుకున్నానన్నాడు.

దీనికి రెండు అర్థాలున్నాయి. షావుకారు "నేను బయానా తీసుకున్నాను" అని తన గురించి ఒప్పుకోవడం ఒకటి. రైతు బయానా తీసుకున్నాడని షావుకారు ఆరోపించడం రెండవది. మొదటి అర్థంలో 'నేను' షావుకారు, రెండవ అర్థంలో 'నేను' రైతు. ప్రత్యయం రెండింటికీ సరిపోతుంది. మాట్లాడేటప్పుడు 'షావుకారు' తర్వాతి విరామం, స్వరం ఈ తేడాను సూచిస్తాయి. రాతలో ఆ ఆధారం ఉండదు. తెలుగులో చెప్పిన వాంగ్మూలాన్ని ఇంగ్లీషులో నమోదు చేసుకొనే చోట నమోదు చేసే వ్యక్తి 'ఐ' రాయాలో 'హీ' రాయాలో తేల్చుకోక తప్పదు. ఆ ఎంపికతో డబ్బు తీసుకున్న మనిషే మారిపోతాడు.

ఇక్కడ 'తాను' ప్రయోగించి "షావుకారు తాను బయానా తీసుకున్నానన్నాడు" అంటే సందిగ్ధత పూర్తిగా తొలగుతుంది. అంటే ప్రత్యక్షం నుంచి పరోక్షానికి మారడం అలంకారప్రాయమైన రచనాభ్యాసం కాదు, అర్థనిర్ణయానికి తెలుగు కల్పించిన సాధనం. పాఠశాల అభ్యాసం ఉద్ధరణ చిహ్నాలున్న వాక్యంతోనే మొదలవుతుంది కాబట్టి సందిగ్ధత ముందే తొలగిపోయి ఉంటుంది. ఇక 'తాను' అవసరమేమిటో విద్యార్థికి తెలిసే వీలు లేదు. ఉద్ధరణ చిహ్నాలు అచ్చుతో వచ్చిన సౌకర్యం. తాళపత్రాల్లో ఆ పనిని 'అని', 'అనిన', 'అనుచు', 'అనవుడు' వంటి రూపాలే చేశాయి.

కావ్యానికీ రంగస్థలానికీ మధ్య జరిగిన మార్పిడి ఈ విషయాన్నే మరో వైపు నుంచి బలపరుస్తుంది. 1910లలో మైలవరం జమీందారు పోషణలో నడిచిన బాలభారతీ నాటక సమాజం, అందులో ప్రసిద్ధుడైన నటుడు యడవల్లి సూర్యనారాయణ తెలుగు నాటకరంగ చరిత్రలో సుపరిచితులు. ఆ కాలపు సమాజాలు ఆడిన పౌరాణిక నాటకాల కథలు అంతకుముందు కావ్యాల్లో, పురాణ ప్రవచనాల్లో కథకుని 'అనిన', 'అని పలికె'ల మధ్య వినిపించినవే. నాటకంలో కథకుడు తప్పుకుంటాడు, 'అని' పోతుంది, పాత్రధారి ఎదుట నిలుస్తాడు. కథకుడు నివేదించినప్పుడు కూడా పాత్ర క్రియ ఉత్తమ పురుషలోనే ఉంది కాబట్టి నాటకకర్త దాన్ని మార్చే పని పడదు. తెలుగు సాహిత్యంలో జరిగిన ఈ మార్పిడిలో చేరడం, తొలగడం అంతా 'అని' చుట్టూనే జరిగింది.

నిజమైన పరోక్షత ఎక్కడ?

క్రియ కూడా నివేదకుని పక్షానికి మారే నిర్మాణాలు తెలుగులో లేవా? ఉన్నాయి. పాఠ్యపుస్తక అభ్యాసం వాటిని అనుకృతి కింద సాధారణంగా చూపదు.

మొదటిది 'ట'. "రంగయ్య రేపు కాయ కోయిస్తాడట" అన్నప్పుడు డకారం వస్తుంది. ఇక్కడ మూలవక్త గొంతు లేదు, విన్న వార్త మాత్రమే ఉంది. రెండవది ఓకారాంత ఉపవాక్యం. "ఎప్పుడు కోయిస్తావని అడిగాడు" అన్నప్పుడు ఎదుటివానితో అన్న మధ్యమ పురుష నిలిచే ఉంది. "ఎప్పుడు కోయిస్తాడో అడిగాడు" అన్నప్పుడు ఆ సంభాషణ రూపు మాసి ప్రశ్నలోని విషయం మాత్రమే మిగిలింది.

మూడవది విధ్యర్థకం. ముఠావాళ్ళతో మేస్త్రీ "కాయలు దించండి" అన్నా, ఒక కుర్రవానితో "కాయలు దించు" అన్నా రెండూ "కాయలు దించమన్నాడు" అవుతాయి. "కూర్చో", "కూర్చోండి" రెండూ "కూర్చోమన్నాడు"లో కలిసిపోతాయి. గ్రాంథికంలో 'చేయుము', 'చేయుడు' అనే ఏకవచన, బహువచన రూపాలు 'చేయుమని', 'చేయుడని' అన్నప్పుడు విడిగా నిలిచేవి. వ్యావహారికంలో 'చేయమని' అన్న ఒక్క రూపమే రెండింటికీ వస్తోంది. దానివల్ల మూలవక్త చూపిన మర్యాద గాని అమర్యాద గాని నివేదికలో కనిపించకుండా పోతుంది. షావుకారు రైతును "కూర్చో" అన్నాడా, "కూర్చోండి" అన్నాడా అన్నది ఊళ్ళో ముఖ్యమైన విషయమైతే, దాన్ని చెప్పడానికి "కూర్చోండన్నాడు" అని ప్రత్యక్షానుకృతినే ఆశ్రయించాలి.

కనుక తెలుగులో ఉన్నవి ప్రత్యక్షం, పరోక్షం అనే రెండు గదులు కావు. మాటను యథాతథంగా ఉంచడం, సర్వనామాన్ని మాత్రమే మార్చడం, క్రియను కూడా మార్చడం అనే మూడు మెట్లున్నాయి. మధ్య మెట్టుకే మనం పరోక్షానుకృతి అని పేరు పెట్టి, దాన్ని మూడవ మెట్టు అయిన ఇంగ్లీషు పరోక్ష కథనానికి సమానంగా బోధిస్తున్నాం.

ఇంగ్లీషు తరగతిలో ఫలితం

నూజివీడులో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది. 2008లో ఏర్పడిన ఈ సంస్థ పదో తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులకు ఇంగ్లీషులో సాంకేతిక విద్య చెబుతుంది. మైలవరంలోనూ ఇంజనీరింగ్ విద్య అందుబాటులో ఉంది. తోటల మధ్య పెరిగిన పిల్లలు ఇంగ్లీషు పరోక్ష కథనాన్ని కేవలం పరీక్ష కోసం కాక వృత్తి కోసం కూడా నేర్వవలసి వస్తోంది. తెలుగు పిల్లల ఇంగ్లీషులో "రంగయ్య సెడ్ దట్ ఐ విల్ కమ్" వంటి వాక్యం ఉపాధ్యాయులకు పరిచితమే. దీన్ని సూత్రం మరచిన అజాగ్రత్తగా లెక్కగట్టడం పరిపాటి. (2)తో పోల్చి చూస్తే ఇది అజాగ్రత్త కాదని, 'వస్తానన్నాడు'లోని నకారాన్ని 'ఐ విల్'గా నమ్మకంగా అనువదించడమని అర్థమవుతుంది. 'విల్' 'వుడ్'గా మారకపోవడానికీ కారణం తెలుగు క్రియే. 'వస్తాను'లోని భవిష్యత్తు మూలవక్త క్షణం నుంచి లెక్కించేది, నివేదకుని క్షణానికి అది సర్దుకోనక్కరలేదు.

తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒకే పని జరుగుతుందని తెలుగు పాఠం ముందే చెప్పి ఉంచడం వల్ల ఇంగ్లీషు ఉపాధ్యాయుడు ఈ తేడాను ఎత్తి చూపే అవకాశం పోతోంది. తెలుగు క్రియ మారదని తెలుగు పాఠమే స్పష్టంగా చెప్పి ఉంటే, ఇంగ్లీషులో అది మారుతుందన్నది విద్యార్థి గుర్తుంచుకోగల భేదమయ్యేది.

పూర్వపక్షం, సమాధానం

పాఠశాల వ్యాకరణం విద్యార్థికి సరైన రూపం అలవరచడానికే గాని సిద్ధాంత చర్చకు కాదని, 'నేను' తీసి 'తాను' పెట్టమన్న సూత్రం ఆ పనికి చాలునని అనవచ్చు. ఈ వాదంలో కొంత న్యాయం ఉంది. తెలుగు మాతృభాషగా గల విద్యార్థి "తాను వస్తాడన్నాడు" అని పొరపాటున రాయడు, అతని భాషాజ్ఞానమే అతణ్ణి కాపాడుతుంది. అయితే సరైన రూపం ముందే తెలిసిన విద్యార్థికి ఆ రూపం నేర్పడం బోధన ప్రయోజనం కాజాలదు. తెలిసిన దానిలోని క్రమాన్ని గుర్తింపజేయడమే మాతృభాషా వ్యాకరణం చేయగల పని. తెలుగును రెండవ భాషగా నేర్చేవారికైతే ఈ సూత్రం నేరుగా హాని చేస్తుంది. 'తాను' చేర్చమన్న సూచన చదివినవారు సామ్య నియమాన్ని అనుసరించి 'వస్తాడని' రాయడమే తార్కికం.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు సూచనలు వస్తాయి. మొదటిది, పాఠ్యపుస్తకంలోని 'మార్చండి' అన్న ప్రశ్న పక్కన "ఈ వాక్యంలో ఏ పదం ఎవరి మాట?" అన్న ప్రశ్న చేరాలి. రెండవది, అనుకృతి పాఠంలో 'ట', ఓకారాంత ఉపవాక్యం, 'మని' రూపం పరోక్షతలోని భిన్న స్థాయులుగా కలిసి రావాలి. మూడవది, (6) వంటి సందిగ్ధ వాక్యాలను ఇచ్చి వాటి రెండు అర్థాలను రాయించాలి, తర్వాత వాటినే ఇంగ్లీషులో రెండు వేర్వేరు వాక్యాలుగా రాయించాలి. అప్పుడు తెలుగు తరగతి, ఇంగ్లీషు తరగతి ఒకదానికొకటి ఉపకరిస్తాయి. ఈ మార్పులకు కొత్త పరిభాష అక్కరలేదు. అనుకృతి అన్న పేరు ఉండనే ఉంది. 'తాను'తో పాటు 'కోయిస్తాను'లోని నకారం మీద కూడా విద్యార్థి దృష్టి నిలిపితే చాలు.